బిగ్ ఐలాండ్‌లో అగ్నిపర్వతం మీద హెలికాప్టర్: అమ్మానాన్నలను తీసుకెళ్లాలా, వద్దా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఫిబ్రవరిలో మీ అమ్మగారు, నాన్నగారు రాజమండ్రి నుంచి కాలిఫోర్నియాలో మీ దగ్గరికి వస్తున్నారు. వాళ్లతో కలిసి హవాయి బిగ్ ఐలాండ్‌లో ఐదు రోజులు ఉంటారు. హెలికాప్టర్ ఎక్కితే లావా తప్పకుండా కనిపిస్తుందా, నలుగురికి దాదాపు రెండు వేల డాలర్లు పెట్టడం దండగ కాదా, నాన్నగారికి బీపీ, అమ్మగారికి ఉబ్బసం ఉన్నాయి కాబట్టి భద్రమేనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. లావా కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇచ్చే వాళ్ల దగ్గర టికెట్ కొనకండి. అయినా నాన్నగారిని తీసుకెళ్లమనే అంటాను. అమ్మగారి విషయం ఆ రోజు గాలిని బట్టి నిర్ణయించుకోవాలి, అది కింద వివరంగా రాస్తాను. ఒక్కటి మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. ఇప్పుడు కిలావేయా ఉన్న తీరు చూస్తే, నిప్పు చూడాలంటే నేల మీద నుంచి, రాత్రిపూట చూడాలి. హెలికాప్టర్ ఎక్కేది ఆ నిప్పు చేసిన నేలను చూడటానికి. ఇది తెలియక ఎక్కినవాళ్లే దిగాక డబ్బులు పోయాయని బాధపడతారు.

నేను బిగ్ ఐలాండ్‌లోని హీలో ఊళ్లో తొమ్మిదేళ్లు ఉన్నాను. ఇండియా నుంచి, మెయిన్‌లాండ్ నుంచి చుట్టాలో స్నేహితులో వచ్చినప్పుడల్లా వాళ్లతో కలిసి ఎక్కేవాణ్ని. అలా పదిహేను సార్లకు పైనే అయింది. అందులో రెండుసార్లు మాత్రమే ఎర్రగా పారే లావాను పైనుంచి చూశాను. మిగతా అన్నిసార్లూ చూసింది నల్లటి నేల, ఆవిరి, అడవి. వాటిలో ఒక్కసారి కూడా అనవసరంగా వెళ్లానని అనిపించలేదు.

ముందు అగ్నిపర్వతం సంగతి. బిగ్ ఐలాండ్ అంటే ఐదు అగ్నిపర్వతాలు ఒకదానినొకటి ఆనుకుని పెరిగిన దీవి. వాటిలో ఇప్పుడు మీకు పని ఉన్నది కిలావేయాతో. 1983 జనవరి నుంచి 2018 దాకా, అంటే ముప్పై అయిదేళ్లు, పువూ ఓఓ అనే చోటు నుంచి దాదాపు ఆగకుండా లావా పారింది. ఎర్రటి ప్రవాహం సముద్రంలో పడుతూ తెల్లటి ఆవిరి లేస్తున్న ఫొటోలు మీరు నెట్‌లో చూసే ఉంటారు. అవి చాలావరకు ఆ కాలానివే. అప్పట్లో హెలికాప్టర్ ఎక్కితే లావా కనిపించడం మామూలు విషయం. కంపెనీల ప్రకటనల్లో ఇప్పటికీ ఆ ఫొటోలే వాడుతుంటారు, అందుకే అందరికీ అదే ఆశ.

2018 ఏప్రిల్ 30న పువూ ఓఓ బిలం అడుగు కూలిపోయింది. మూడు రోజులకే, మే 3న, దిగువన లెయిలానీ ఎస్టేట్స్ కాలనీలో ఇళ్ల మధ్యనే నేల చీలి లావా పైకొచ్చింది. అలాంటి చీలికలు మొత్తం 24 పడ్డాయి. 700కు పైగా ఇళ్లు పోయాయి. అదే సమయంలో పైన శిఖరం దగ్గర, లోపలి శిలాద్రవం ఖాళీ అవుతున్న కొద్దీ, హలేమాఉమాఉ బిలం 500 మీటర్లకు పైగా కిందికి కుంగింది. ఆ తర్వాత అందులో నీళ్లు ఊరి చెరువయింది. 2020 డిసెంబర్‌లో లావా మళ్లీ వచ్చి ఆ చెరువును ఆవిరి చేసేసింది.

ఇప్పుడు నడుస్తున్నది 2024 డిసెంబర్ 23న మొదలైన విస్ఫోటనం. దీని పద్ధతి పూర్తిగా వేరు. బిలంలో నుంచి లావా కొన్ని గంటలు ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. మళ్లీ కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఏమీ ఉండదు. తర్వాత మళ్లీ లేస్తుంది. లేచినప్పుడు 300 మీటర్లు దాటిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఐదు చార్మినార్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా అందని ఎత్తు అది. కానీ చాలాసార్లు ఆ సంబరం ఒక రోజు లోపే ముగిసిపోతుంది. మీరు నెల ముందు బుక్ చేసుకున్న మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకే అది లేస్తుందని ఎలా అనుకుంటాం?

అయితే గుడ్డిగా వెళ్లాల్సిన పని లేదు. ఇక్కడ హవాయి వాల్కనో అబ్జర్వేటరీ ఉంది. 1912లో థామస్ జాగర్ మొదలుపెట్టారు, ఇప్పుడు అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ కింద నడుస్తుంది. వాళ్లు కిలావేయా గురించి రోజూ ఒక చిన్న నివేదిక పెడతారు. అందులో తర్వాతి ఫౌంటెన్ ఏ రోజుల మధ్య రావచ్చో అంచనా కూడా ఇస్తున్నారు. ప్రయాణానికి పది రోజుల ముందు నుంచి రోజూ అది చదవండి. దానితోపాటు టిల్ట్ అనే గ్రాఫ్ చూడండి. శిఖరం కింద శిలాద్రవం చేరుతున్న కొద్దీ నేల ఉబ్బుతుంది, గ్రాఫ్ గీత మెల్లగా పైకెక్కుతుంది. లావా ఎగజిమ్మగానే గీత నిట్టనిలువుగా పడిపోతుంది. నెలల గ్రాఫ్ పెట్టి చూస్తే రంపపు పళ్లలా ఉంటుంది. ఇప్పటి గీత కిందటిసారి పడిపోయిన ఎత్తుకు దగ్గరవుతోందంటే సమయం దగ్గరపడుతోందని అర్థం. భూగర్భశాస్త్రం చదవక్కర్లేదు, మా పక్కింటి పదో తరగతి పిల్ల కూడా చూసి చెప్పేది.

మరో మాట. ఆ నివేదిక పైన ఒక హెచ్చరిక రంగు రాసి ఉంటుంది. ఆరెంజ్ అని ఉంటే ఆ క్షణంలో లావా పారుతోందని కాదు. రెండు ఫౌంటెన్ల మధ్య ఖాళీలోనూ ఆరెంజ్ ఉంచుతున్నారు. రంగు చూసి ఆశపడకుండా కింద రాసిన రెండు పేరాలు చదవండి.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. ఫౌంటెన్ లేచిన రోజున హెలికాప్టర్‌కు దగ్గరగా వెళ్లే వీలు తగ్గుతుంది. లావాతోపాటు తేలికైన రాతి నురగ, గాజు పోగులు గాలిలోకి లేస్తాయి. ఆ పోగులు వెంట్రుకల్లా ఉంటాయి కాబట్టి, ఇక్కడి అగ్నిపర్వత దేవత పేరుతో, పెలే జుట్టు అంటారు. వాటితో సల్ఫర్ డయాక్సైడ్ పొగ. ఇవేవీ ఇంజిన్‌కూ మంచివి కావు, ఊపిరితిత్తులకూ మంచివి కావు. అవసరమైతే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆ చుట్టుపక్కల ఎగరకుండా తాత్కాలిక నిషేధం కూడా పెడుతుంది. పైలట్ గాలి వచ్చే వైపు ఉండి, దూరం నుంచే చూపించి తిప్పేస్తాడు. అలా చేసేవాడే మంచి పైలట్.

ఇక నేల సంగతికి వస్తాను. నాకు ఇష్టమైన భాగం ఇదే.

హీలో విమానాశ్రయం నుంచి లేచాక కాసేపు మకడామియా తోటలు, పచ్చటి అడవి, తారు రోడ్లు కనిపిస్తాయి. పాహోఆ ఊరు దాటగానే ఆ పచ్చదనం మధ్యలో నల్లటి పట్టా ఒకటి మొదలవుతుంది. 2018 లావా 35 చదరపు కిలోమీటర్లకు పైగా నేలను కప్పేసింది. దాన్ని నేల మీద నిలబడి చూస్తే మీ ముందు ఒక నల్లటి గోడ మాత్రమే ఉంటుంది. పైనుంచి చూస్తేనే అది ఎక్కడ పుట్టింది, ఏ పల్లం పట్టుకుని పారింది, ఎక్కడ రెండుగా చీలి ఒక కొబ్బరి తోపును వదిలేసి మళ్లీ కలిసింది అన్నీ తెలుస్తాయి. మొదట చీలికలన్నీ ఒకే గీత మీద వరసగా కనిపిస్తాయి. ముందురోజు రాత్రి వాన పడి ఉంటే ఆ గీత పొడవునా సన్నటి ఆవిరి లేస్తుంటుంది, వానకు తడిసిన పెంకుటింటి మీద ఎండ కాసినప్పుడు లేచినట్టు. ఆ వరసలో ఎనిమిదో చీలిక పెద్ద గుట్టగా పెరిగింది. దానికి ఇప్పుడు అహుఅయిలాఅవు అని హవాయి పేరు పెట్టారు. అక్కడి నుంచి సముద్రం దాకా లావా నడిచిన కాలువ ఇంకా చెక్కినట్టే ఉంది.

ఆ కాలువ వెంటే వెళ్తే కపోహో. ఒకప్పుడు అక్కడ అందమైన అఖాతం, వేడినీటి మడుగులు, సెలవు ఇళ్లు ఉండేవి. లావా ఆ అఖాతాన్ని పూర్తిగా పూడ్చేసింది. దగ్గర్లో గ్రీన్ లేక్ అనే పాత మంచినీటి చెరువు ఉండేది. 2018 జూన్ 2న లావా అందులోకి దిగి కొన్ని గంటల్లో చుక్క నీరు లేకుండా చేసింది. సముద్రం వైపు మూడున్నర చదరపు కిలోమీటర్ల కొత్త నేల పుట్టింది. పోహోయికి అనే చోట పడవలు దింపే ర్యాంపు ముందు నల్ల ఇసుక మేటవేసి కొత్త బీచ్ తయారైంది. ఇవన్నీ నాలుగైదు నిమిషాల్లో కళ్ల ముందు నుంచి జరిగిపోతాయి. అందుకే ఎక్కే ముందే మ్యాప్ మీద ఈ పేర్లు ఒకసారి చూసుకోండి. ఏది ఎక్కడో తెలిసి ఉంటే ఆ నాలుగు నిమిషాలు నలభై నిమిషాల విలువ చేస్తాయి.

తర్వాత కలాపానా వైపు తిరుగుతారు. 1990లో ఆ ఊరు లావా కింద పోయింది. ఇప్పుడు ఆ గట్టిపడిన లావా మీదే కొందరు మళ్లీ చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నారు. నల్లటి రాతి మీద ఒక నీలం రేకుల కప్పు, పక్కన నీళ్ల ట్యాంకు, రెండు అరటి చెట్లు. మా అత్తగారిని తీసుకెళ్లినప్పుడు ఆవిడ హెడ్‌సెట్‌లో అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "ఆ ఇంటికి దారి ఎటు బాబూ?" అని. నేను పైలట్‌కు ఇంగ్లిష్‌లో చెప్తే ఆయన హెలికాప్టర్‌ను కొంచెం వంచి, రాతి మీద చదును చేసిన సన్నటి బాట చూపించాడు. ఆవిడ ఇంటికి వెళ్లాక కూడా ఆ ఇంటి గురించే మాట్లాడారు. లావా చూడలేదన్న మాటే ఎత్తలేదు.

మీ నాన్నగారిది రాజమండ్రి కాబట్టి ఇంకోటి చెప్పాలి. గోదావరికి అటు పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీలు, ఇటు కాతేరు వైపు రాయి ఆయన చూసే ఉంటారు. ఆ నల్లరాయి లావానే. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమిని కప్పిన లావా పాత నదీ లోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి గోదావరి ముఖద్వారం దాకా వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అలా అయితే భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అది ఒకటి. మా నాన్నది కొవ్వూరు. పాహోఆ, కలాపానా ఉన్న ఈ ప్రాంతం (దీని పేరు పూనా) మీదుగా ఎగురుతున్నప్పుడు కిటికీకి నుదురు ఆనించి చూస్తూ, "ఇది మన పంగిడి రాయేరా" అన్నారు. నేను అప్పటిదాకా అలా ఆలోచించలేదు. నిజంగానే రెండూ బసాల్టే, అంటే లావా గట్టిపడిన నల్లరాయే. ఆయన పునాదుల్లో వేయించిన రాయి ఒకప్పుడు ఎలా పారిందో ఆయనకు ఆ రోజు కళ్లకు కట్టింది. మీ నాన్నగారికి ముందే ఈ సంగతి చెప్పి ఎక్కించండి.

ఇక ఎక్కడ నుంచి ఎక్కాలి? హీలో నుంచే. కిలావేయా అక్కడికి దగ్గర కాబట్టి 45, 50 నిమిషాల ఫ్లైట్‌లో ఎక్కువ సమయం మీరు చూడాల్సిన వాటి మీదే గడుస్తుంది. దీవికి పడమటి వైపున్న కోనా, వైకొలోవా నుంచి లేచేవి దీవి మొత్తం చుట్టి వస్తాయి, రెండు గంటల దాకా పడుతుంది, ధర కూడా ఎక్కువ. వాటిలో ఉత్తరాన కోహాలా లోయలు, జలపాతాలు వస్తాయి, అవీ బాగుంటాయి. కానీ పెద్దవాళ్లను రెండు గంటలు ఒకే సీట్లో బెల్టు వేసి కూర్చోబెట్టడం నాకు నచ్చదు. నేను మొదటిసారి అలాంటిదే, అదీ మధ్యాహ్నం రెండు గంటలకు బుక్ చేశాను. ఈశాన్యం నుంచి వచ్చే గాలి మబ్బులను తెచ్చి కొండ వాలుకు చేర్చేస్తుంది, మధ్యాహ్నానికి అవి చిక్కబడతాయి. గంట తర్వాత పైలట్ ముందున్న తెల్లటి గోడను చూపించి వెనక్కి తిప్పేశాడు. అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన చేసింది ఎంత సరైన పనో తెలుసు.

కాబట్టి పొద్దున మొదటి ఫ్లైటో, రెండోదో తీసుకోండి. హీలోలో వాన ఎక్కువ, ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. అందుకే మీ ఐదు రోజుల్లో మొదటి పూర్తి రోజుకే బుక్ చేయండి. వాతావరణం బాగాలేక రద్దయితే మరుసటి రోజుకో, ఆ తర్వాతి రోజుకో మార్చుకోవచ్చు. చివరి రోజుకు పెట్టుకుంటే ఆ అవకాశం ఉండదు, పైగా ఎలాగైనా ఎగరాలన్న ఆత్రం మనలో పెరుగుతుంది.

ఆ ఆత్రమే ప్రమాదం. 2019 డిసెంబర్ 26న కవాయి దీవిలో పర్యాటక హెలికాప్టర్ కొండకు ఢీకొని ఏడుగురూ చనిపోయారు. మబ్బులు కమ్మిన వాతావరణంలోకి పైలట్ ముందుకు వెళ్లడమే ప్రధాన కారణమని అక్కడ ప్రమాదాలపై దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. 2022 జూన్‌లో ఇదే బిగ్ ఐలాండ్ దక్షిణ కొస దగ్గర ఒక హెలికాప్టర్‌కు గాలిలోనే తోక భాగం ఊడిపోయింది, అదృష్టవశాత్తూ ఆరుగురూ బతికారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడాదంతా వేల ఫ్లైట్లు క్షేమంగా తిరిగొస్తాయి. కానీ కంపెనీని ఎంచుకునేటప్పుడు స్టార్ రేటింగ్, ఫొటోలు చూసి కాకుండా ఫోన్ చేసి మాట్లాడాలి.

ఫోన్‌లో ఏం అడగాలి? వాతావరణం వల్ల పైలట్ మధ్యలో తిప్పేస్తే డబ్బు సంగతేంటని అడగండి. ఆ జవాబులో చిరాకు వినిపిస్తే వదిలేయండి. గత నెలలో ఎన్ని రోజులు రద్దు చేశారో అడగండి. "మేం ఎప్పుడూ రద్దు చేయం" అన్న మాట గొప్పగా చెప్పుకునేది కాదు, హీలో వానల్లో అది అసాధ్యం. మీ పైలట్ హవాయిలో ఎన్నేళ్లుగా ఎగురుతున్నారు, హెలికాప్టర్ ఏ మోడల్, నీటి మీద దిగాల్సి వస్తే తేలే ఏర్పాటు ఉందా అని కూడా అడగండి. మంచి కంపెనీవాళ్లు వీటికి ఓపికగా, ఆనందంగా జవాబిస్తారు. నేను అడిగిన చోటల్లా అదే చూశాను.

కిలావేయా శిఖరం ఉన్న జాతీయ పార్కు మీదుగా వెళ్తారా, పక్కనుంచి వెళ్తారా అన్నది కూడా తప్పకుండా కనుక్కోండి. ఇదివరకు ఏడాదికి పది వేలకు పైగా పర్యాటక ఫ్లైట్లు పార్కు మీద తిరిగేవి. దాన్ని ఏడాదికి 1,548కి తగ్గిస్తూ 2024 మొదట్లో పార్కు, ఎఫ్‌ఏఏ కలిసి ఒక ప్రణాళిక ప్రకటించాయి. దారులు, రోజులు, ఎత్తు విషయంలో నియమాలు మారుతుంటాయి కాబట్టి మీ తేదీకి వాళ్లు వెళ్లే దారి మ్యాప్ మీద చూపించమనండి. కొన్ని ఫ్లైట్లలో శిఖర బిలం అసలు దగ్గరగా రాదు, దూరం నుంచే కనిపిస్తుంది. అది తెలిసే ఎక్కండి.

ఈ తగ్గింపు నాకు నష్టంగా అనిపించలేదు. హలేమాఉమాఉ హవాయివాళ్లకు పెలే దేవత నివాసం. అక్కడ పువ్వులు పెట్టి, కళ్లు మూసుకుని స్తోత్రం పాడుతున్న కుటుంబాన్ని ఒకసారి చూశాను. వాళ్ల తలల మీదుగా రెండు హెలికాప్టర్లు వరసగా వెళ్లాయి, పాట వినిపించలేదు. మన గర్భగుడి ముందు హారతి వేళ ఎవరో మోటార్ ఆన్ చేస్తే మనకెలా ఉంటుంది? ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవాళ్లకు రోజంతా ఆ చప్పుడే. అందుకే పైలట్‌ను ఇంకా కిందికి దించమని, ఒకే చోట గాలిలో నిలపమని అడగొద్దని నా కోరిక. హవాయిలో పర్యాటక ఫ్లైట్లకు మామూలుగా 1,500 అడుగుల కనీస ఎత్తు నియమం ఉంది, ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్లు కొన్ని చోట్ల తక్కువలో ఎగరొచ్చు. ఆ ఎత్తు నుంచి అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తాను. కౌంటర్ దగ్గర అందరినీ బరువు తూస్తారు, చేతిలో కెమెరాతో సహా. అమ్మగారికి మొహమాటం అనిపించకుండా ముందే చెప్పి ఉంచండి. ఆ బరువులను బట్టే ఎవరు ఎక్కడ కూర్చోవాలో వాళ్లు నిర్ణయిస్తారు. మనం అడిగితే సీటు మారదు, మారకూడదు కూడా. బరువు ఒక పరిమితి దాటితే అదనపు సీటు డబ్బు తీసుకుంటారు. నడుముకు చిన్న సంచిలో లైఫ్ జాకెట్ కడతారు. ఈసీ130 అనే మోడల్ అయితే ముందు పైలట్ పక్కన ఇద్దరు, వెనక నలుగురు కూర్చుంటారు. అద్దాలు పెద్దవి, పెద్దవాళ్లకు అదే హాయి. ఏ-స్టార్ రకంలో వెనక మధ్య సీట్ల నుంచి కాస్త తక్కువ కనిపిస్తుంది.

ముదురు రంగు బట్టలు వేసుకోమని చెప్పండి. తెల్ల చొక్కా, లేత రంగు చీర అద్దంలో ప్రతిబింబించి అందరి ఫొటోల్లోనూ పడతాయి. చీర కన్నా చుడీదార్ నయం, చున్నీ మాత్రం బ్యాగులో ఉంచి రావాలి. తిరిగే రెక్కల దగ్గర ఎగిరే బట్ట ఏదీ ఒంటి మీద ఉండకూడదు. తలుపులు తీసేసి నడిపే ఫ్లైట్లు కూడా ఉన్నాయి, ఫొటోలు తీసేవాళ్లకు అవి ఇష్టం. మీ అమ్మానాన్నలకు వద్దు. గాలి మొహం మీద కొడుతుంది, చలి. మీరు విడిగా అది ఎక్కాలనుకుంటే, ఒంటికి కట్టే బెల్టును ఎవరి సాయం లేకుండా ఒక్క క్షణంలో ఎలా విప్పుకోవాలో నేల మీదే రెండుసార్లు చేసి చూసుకోండి.

ఆరోగ్యం సంగతి. నాన్నగారి బీపీ అదుపులో ఉంటే, వాళ్ల డాక్టర్ సరేనంటే, నాకు టెన్షన్ లేదు. చిన్న విమానంలో కన్నా కుదుపు తక్కువే ఉంటుంది. తల తిరిగే అలవాటు ఉంటే ఖాళీ కడుపుతో ఎక్కనివ్వొద్దు, అలాగని భారంగా తిననివ్వొద్దు. రెండు ఇడ్లీలో, రెండు బ్రెడ్ ముక్కలో చాలు. ఫోన్ తెరలో చూస్తూ వీడియో తీస్తుంటే కడుపులో తిప్పుతుంది. దూరంగా సముద్రం అంచు వైపు చూస్తే సర్దుకుంటుంది. ఆ ముందురోజు మీలో ఎవరైనా స్కూబా డైవింగ్ చేస్తే మాత్రం 24 గంటలు ఆగాల్సిందే.

అమ్మగారి ఉబ్బసం విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను. కిలావేయా పొగ గాలిలో కలిసి ఏర్పడే మసకను ఇక్కడ వాగ్ అంటారు. మామూలు ఈశాన్య గాలి ఉన్న రోజుల్లో అది కోనా వైపు పోతుంది, హీలో శుభ్రంగా ఉంటుంది. గాలి తిరిగి దక్షిణం నుంచి వీస్తే హీలో వైపు వస్తుంది. చలికాలంలో, అంటే మీరు వచ్చే ఫిబ్రవరిలో, అలాంటి రోజులు కొన్ని ఉంటాయి. పొద్దున లేచి వాగ్ సూచన చూడండి. మసక ఉంటే అమ్మగారు దిగువనే ఉండిపోవాలి, ఎంత డబ్బు కట్టినా సరే. గాలి బాగున్న రోజున, ఇన్‌హేలర్ బ్యాగులో కాకుండా చేతిలో పెట్టుకుని, డాక్టర్ అనుమతితో ఎక్కొచ్చు. ఎక్కే ముందు పైలట్‌కు కూడా ఒక మాట చెప్పండి, పొగ నుంచి ఇంకాస్త దూరం పాటిస్తారు.

చాలామంది చేసే ఒక పొరపాటు ఉంది. "హవాయి వాల్కనో హెలికాప్టర్" అని వెతికి మావీలోనో, కవాయిలోనో బుక్ చేసేస్తారు. అవి కూడా అగ్నిపర్వతాల దీవులే, చాలా అందమైనవి, కానీ ఇప్పుడు అక్కడ ఏదీ రగలడం లేదు. హోనొలులులో బస చేసేవాళ్లు ముందు విమానంలో హీలో రావాలి. మీరు బిగ్ ఐలాండ్‌లోనే ఉంటున్నారు కాబట్టి రెండు రాత్రులైనా హీలోలోనో, పార్కు పక్కన వాల్కనో ఊళ్లోనో ఉండేలా చూసుకోండి.

ఎందుకంటే నిప్పు చూసే సంగతి మిగిలే ఉంది. జాతీయ పార్కు 24 గంటలూ తెరిచి ఉంటుంది. కారుకు 30 డాలర్ల టికెట్, ఏడు రోజులు పనిచేస్తుంది. అబ్జర్వేటరీ నివేదికలో ఫౌంటెన్ దగ్గరపడిందని చూస్తే ఫోన్‌లో యూఎస్‌జీఎస్ లైవ్ కెమెరా తెరిచి ఉంచండి. లేవగానే బయల్దేరండి, హీలో నుంచి ముప్పావు గంట. పెద్దవాళ్లకు వాల్కనో హౌస్ హోటల్ వెనక గట్టు, లేదా కిలావేయా ఓవర్‌లుక్ నయం, నడక తక్కువ. కెయనకాకోయి వైపు ఇంకా బాగా కనిపిస్తుంది కానీ ఒక మైలు నడవాలి, మళ్లీ అంతే వెనక్కి. శిఖరం సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. మా నాన్న హవాయి అంటే బీచ్ కదా అని సగం చేతుల చొక్కాతో వచ్చి వణికిపోయారు. స్వెట్టర్లు, వాన కోట్లు, టార్చి, ఫ్లాస్కులో టీ పెట్టుకోండి. గాలి మీ వైపు తిరిగి నల్లటి రవ్వలు రాలడం మొదలైతే కళ్లు నలపకుండా, వెంటనే కారెక్కి వచ్చేయండి.

నా మాటగా డబ్బు లెక్క చెప్పమంటే, నలుగురూ ఎక్కక్కర్లేదు. నాన్నగారు, మీలో ఒకరు ఎక్కండి. గాలి బాగుంటే అమ్మగారు కూడా. మిగిలిన డబ్బుతో పార్కు దగ్గర ఇంకో రాత్రి గది తీసుకోండి, లావా కోసం కాచుకోవడానికి ఒక రాత్రి ఎక్కువ దొరుకుతుంది. హెలికాప్టర్ పొద్దున్న ఎక్కి, మధ్యాహ్నం అదే చోటికి కారులో కలాపానా దాకా వెళ్లి రండి. రోడ్డు లావా కింద ఆగిపోయే చోట కారు పక్కన పెట్టి ఆ రాయి మీద నాలుగడుగులు వేయండి. తాడు మెలికల్లా ముడతలు పడ్డ రాతి సందుల్లో చిన్న చిన్న ఫెర్న్ మొక్కలు, వాటి పక్కన ఎవరో నాటిన కొబ్బరి మొలకలు ఉంటాయి. మా నాన్న అక్కడ వంగి ఆ రాతి మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. ఎండకు అది వెచ్చగా ఉంది.